ఖట్టాలో పచ్చిపులుసు

దర్శిలో బస్సెక్కి హైదరాబాద్‌లో దిగిన ఓ కుర్రాడికి సొంత ఊరి పులుపు ఎక్కడ దొరికింది? ఆంధ్రా మెస్సులన్నీ తిరిగాక, చార్మినార్ పక్క సందులో. పాతికేళ్ల తిండి వెతుకులాట ఈ వారం ముఖచిత్ర కథనం.

దర్శి వైపు నుంచి హైదరాబాద్ వచ్చినవాళ్లు మొదటి రెండేళ్లూ హోటల్ కోసమని తిరుగుతారు గానీ, నిజానికి వెతికేది ఊరిని. ఏ బోర్డు మీద ఒంగోలు అన్న మాట కనిపించినా లోపలికెళ్లి కూర్చుంటారు. వడ్డించే మనిషి 'ఇంకొంచెం ఏసుకో అబ్బాయ్' అంటే చాలు, కూరలో ఉప్పు తక్కువైనా మళ్లీ అక్కడికే వెళతారు. నేనూ అలాగే వెళ్లాను.

1999 జూన్ నెల. రాత్రి దర్శిలో ఎక్కిన బస్సు అద్దంకి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ దాటి తెల్లారేసరికి ఇమ్లీబన్ బస్టాండులో దింపింది. సంచిలో రెండు జతల బట్టలు, అమ్మ కట్టిచ్చిన నువ్వుల పొడి, ఓ సీసా చింతకాయ పచ్చడి. అమీర్‌పేటలో సత్యం థియేటర్ వెనక సందులో గది. ఆ రోజుల్లో మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ కంప్యూటర్ కోర్సుల బోర్డులే. గదిలో నలుగురం. నాది దర్శి, ఇంకొకడిది పొదిలి, మిగిలిన ఇద్దరిదీ మార్కాపురం, గిద్దలూరు. నలుగురం ఒకే జిల్లా వాళ్లం గనక ఒకే వంట తింటామని ఇంటాయన అనుకున్నాడు. మేమూ అలాగే అనుకున్నాం.

వారం తిరిగేసరికి అది తప్పని తెలిసింది. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. అంతకుముందు దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లావి. ఒంగోలు, అద్దంకి గుంటూరువి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. మూడు జిల్లాల నుంచి ముక్కలు తెచ్చి కలిపారు గానీ వంటిళ్లను కలపలేదు. గిద్దలూరు వాడికి పొద్దున్నే ఉగ్గాణీ, పక్కన మిరపకాయ బజ్జీ ఉండాలి. మార్కాపురం వాడికి సంగటి ముద్ద లేని ఆదివారం ఆదివారం కాదు. నాకూ పొదిలి వాడికీ పులుసు కావాలి. చింతపండు పిసికిన పులుసు ఏదైనా సరే. మా వైపు ఎర్రగడ్డలు అంటే ఉల్లిపాయలని, తెల్లగడ్డలు అంటే వెల్లుల్లి అని మేం తినే అమీర్‌పేట మెస్సు కుర్రాడికి చెప్పడానికే నాకు నెల పట్టింది.

ఆ మెస్సును నేను తప్పుపట్టను. పొద్దున టోకెన్ చింపి ఇస్తే మధ్యాహ్నం కడుపునిండా అన్నం పెట్టేవాళ్లు. మారు వడ్డనకు మొహం ముడుచుకున్న రోజు లేదు. కానీ వంటవాళ్లది గోదావరి వైపు. పులుసులో బెల్లం పడేది. పప్పు పలచగా, సాంబారుకు చుట్టంలా ఉండేది. మాది కంది పండే నేల. ముద్దపప్పు అంటే గరిటె నిలబడాలి. పులుసు అంటే నోట్లో పెట్టుకోగానే చెవుల వెనక జివ్వుమనాలి. ఆ జివ్వు కోసం నేను కూకట్‌పల్లి వెళ్లాను, దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను, ఎవరో చెప్పారని ఈసీఐఎల్ దాకా రెండు బస్సులు మారి వెళ్లాను. ప్రతి చోటా మంచి భోజనమే దొరికింది. ఊరు మాత్రం దొరకలేదు.

రొట్టె తట్టే చేతులు

మొదట దొరికింది రొట్టె.

సాయంత్రం ఆరు దాటాక ఎస్సార్ నగర్ రోడ్ల పక్కన జొన్నరొట్టెలు తట్టే ఆడవాళ్లు కూర్చుంటారు. ఇప్పుడు నగరమంతా కనిపిస్తారు. అప్పట్లో అక్కడొకరు, ఇక్కడొకరు. నేను వెళ్లే బండి దగ్గర ఉండే ఆవిడది నారాయణఖేడ్ వైపు పల్లె. వేడినీళ్లు పోసి పిండి కలిపి, ముద్దను అరచేతి అంచుతో మర్దించి, చెక్క మీద పొడిపిండి చల్లి తట్టేది. రొట్టె పెనం మీద పడ్డాక తడిగుడ్డతో పైన తుడిచేది. ఆ తుడుపు దగ్గర నేను ఆగిపోయాను. మా అమ్మ సజ్జరొట్టెను సరిగ్గా అలాగే తుడుస్తుంది, ఎడమ నుంచి కుడికి, ఒకే ఒక్కసారి.

'గట్ల చూస్తవేంది అన్నా? తట్టరా మీ దిక్కు?' అంది ఆవిడ.

'తడతారక్కా. మాది దర్శి. మా అమ్మ సజ్జరొట్టె తడుతుంది.'

'సజ్జరొట్టె కావాల్నా? రేపు పిండి తెస్త, రా.'

మర్నాడు తెచ్చింది. నా ఒక్కడి కోసం అరకిలో సజ్జపిండి. దాంతో పాటు వెల్లుల్లి కారం. డబ్బులు తీసుకోమంటే జొన్నరొట్టె ధరే తీసుకుంది. సజ్జలు ఎక్కువ ఖరీదని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. ఆ రాత్రి గదికి వెళ్లి నలుగురం పంచుకు తిన్నాం. గిద్దలూరు వాడు మాట్లాడకుండా తిని, గుమ్మం దగ్గరకు వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు.

సాగర్ కుడి కాలవ రాకముందు మా వైపు వరి అన్నం పండగ కూడు. సజ్జ, జొన్న, కొర్ర, వరిగ, ఇవే గింజలు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలారు. నీళ్లొచ్చిన పొలాల్లో వరి వచ్చింది, వరితో పాటు సజ్జరొట్టె పేదవాళ్ల తిండి అన్న చిన్నచూపూ వచ్చింది. నా చిన్నప్పుడు రొట్టె తిన్నామని బళ్లో చెప్పుకునేవాళ్లం కాదు. హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద, కార్లు ఆపుకుని మరీ జనం రొట్టెల కోసం వరసలో నిలబడటం చూసినప్పుడు నాకు మా అమ్మను తీసుకొచ్చి ఆ వరస చూపించాలనిపించింది. తరవాత చూపించాను కూడా. 'ఇంతమంది తింటన్నారా?' అని రెండుసార్లు అడిగింది.

ఒక పొద్దున, మదీనా దాటాక

పాతబస్తీకి వెళ్లొద్దని మాకు చెప్పనివాళ్లు లేరు. భాష తెలియదని, దారి తప్పుతామని, అక్కడ మాంసం తప్ప ఏమీ దొరకదని. నాలుగేళ్లు ఆ మాట విన్నాను. ఆ నాలుగేళ్లూ నాకు నష్టమేనని ఇప్పటికీ అనుకుంటాను.

2003 చలికాలం. తొలి ఉద్యోగం. ఒక పని మీద తెల్లవారుజామునే పాతబస్తీ వెళ్లాల్సి వచ్చింది. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి నయాపూల్ దాటాను. మూసీ మీద పొగమంచు. నయాబ్ లాంటి పేరున్న హోటళ్ల ముందు అప్పటికే నహారీ కోసం జనం మూగి ఉన్నారు. ఆ జనంలోకి దూరే ధైర్యం లేక, మదీనా కూడలి దాటాక ఓ సందులో ఖాళీగా కనిపించిన చిన్న హోటల్లో కూర్చున్నాను. ఏం కావాలని అడిగితే, పక్క బల్ల మీద ముసలాయన తింటున్నదాన్ని చూపించాను.

పళ్లెంలో పసుప్పచ్చటి ఖిచిడీ వచ్చింది. బియ్యం, మసూర్ పప్పు కలిపి పొడిపొడిగా వండింది. పక్కన ఖీమా. ఒక అప్పడం. చిన్న గిన్నెలో గోధుమరంగు పులుసు, పైన పచ్చి ఉల్లిపాయ తరుగు తేలుతూ. ముసలాయన ఆ పులుసును ఖిచిడీ మీద వొంపుకుని చేత్తో కలుపుతున్నాడు. నేనూ వొంపుకున్నాను. మొదటి ముద్ద.

చెవుల వెనక జివ్వుమంది.

చింతపండు, వేయించి నూరిన నువ్వులు, పచ్చిమిర్చి, జీలకర్ర, పచ్చి ఎర్రగడ్డ. పొయ్యెక్కించి కాచిన పులుసు కానే కాదు, పచ్చిదే. మా ఇంట్లో సంక్రాంతి ముందు నెలలో పులగం వండి, మీద పచ్చిపులుసు పోస్తారు. బియ్యంలో పొట్టు పెసరపప్పు వేసి వండే అన్నం పులగం. పప్పు మారింది, పక్కన ఖీమా చేరింది, అంతే. పళ్లెంలో ఉన్నది పులగం, పచ్చిపులుసు.

'యే క్యా హై భాయ్?' అని గిన్నె చూపించి అడిగాను.

'ఖట్టా హై, సాబ్. ఔర్ డాలూఁ?' అని జవాబుకు ఆగకుండా గిన్నె నింపేశాడు. ఖట్టా అంటే పులుపు. ఆ వంటకానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఉత్త పులుపు. అంతకన్నా సరైన పేరు మేమూ పెట్టలేదు.

బయటికొచ్చి ఎస్టీడీ బూత్ నుంచి మా పక్కింటికి ఫోన్ చేసి అమ్మను పిలిపించాను.

'అమ్మా, ఇక్కడ పచ్చిపులుసు దొరికింది.'

'యాడ?'

'చార్మినార్ కాడ. సాయిబుల హోటల్లో.'

కాసేపు మాట లేదు. తరవాత, 'నువ్వులు ఏశారా?' అంది.

'ఏశారు.'

'అయితే తిను నాయనా,' అంది. నాలుగేళ్లుగా వారం వారం 'ఏం తింటన్నావు' అని అడిగే మనిషి ఆ తరవాత ఆ ప్రశ్న అడగటం తగ్గించింది.

చిగురు, అంబాడా

ఆ రోజు నుంచి పాతబస్తీలో నేను తిన్న ప్రతి కూరనూ మా వంటింటి వైపు నుంచి చూశాను. బఘారా బైంగన్ అంటే వేరుశనగపప్పు, నువ్వులు, కొబ్బరి నూరి, చింతపండు పోసి, వంకాయను నాలుగు పక్షాలుగా చీల్చి వండేది. మా గుత్తివంకాయకు అది పెద్దమ్మ కూతురు వరస. బిర్యానీ పక్కన పోసే మిర్చీ కా సాలన్‌లోనూ అవే నువ్వులు, అదే చింతపండు. అంబాడా అంటే మన గోంగూర. అంబాడా గోష్త్ తింటూ కళ్లు మూసుకుంటే గోంగూర మాంసం తప్ప ఇంకేం గుర్తుకు రాదు.

ఇవన్నీ పోలికలనుకుందాం. చిగుర్ గోష్త్‌ను ఏమంటారు? ఎండాకాలం మొదట్లో చింతచెట్టు లేతగా చిగురిస్తుంది. ఆ చిగురు కోసి మాంసంలో వేసి వండే కూర. హైదరాబాదీ ముస్లిం ఇళ్లలో దాని పేరు చిగుర్ గోష్త్. ఆ 'చిగుర్' ఉర్దూ మాట కాదు, మన చిగురే. గోష్త్ పక్కన పదిలంగా కూర్చుంది. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా రోడ్డు వెంట చింతచెట్లున్నాయి, నల్లమలలో చెంచులు చింతపండు ఏరి అమ్ముతారు. మా వైపు చింతచిగురు పప్పులో వేస్తాం, ఎండబెట్టి పొడి కొడతాం, మాంసంలోనూ వేస్తాం. ఆ మాటను ఇక్కడి బావర్చీలకు ఎవరు నేర్పారో ఏ పుస్తకంలోనూ ఉండదు. 1591లో ఈ నగరం కట్టిన మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. దర్బారులో తెలుగు పద్యం ఉన్నప్పుడు వంటింట్లో తెలుగు చేతులు లేకుండా ఉండవు. ఆకుకూర తెచ్చి అమ్మిన ఆడమనిషి గంప దించి 'చిగురు' అని ఉంటుంది. వాళ్లు ఆ పేరును అలాగే ఉంచారు. ఇది నా నమ్మకం. రుజువు అడిగితే ఆ కూర పెట్టిస్తాను.

2010లో హైదరాబాదీ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2019లో యునెస్కో ఈ నగరాన్ని వంటల విభాగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. రెండూ సంతోషపడాల్సినవే. బిర్యానీ గురించి ఇక్కడ ఏమీ రాయను, దాని గురించి రాయనివాళ్లు లేరు. నాకు బాధల్లా ఒక్కటే. ఈ గౌరవాల సందడిలో ఖట్టా గిన్నె గురించి ఎవరూ మాట్లాడరు. పళ్లెంలో పక్కన పెట్టి ఇస్తారు, విడిగా ధర ఉండదు. అడిగితే మళ్లీ పోస్తారు. అలాంటి వాటి పేరు మెనూ కార్డు మీద ఉండదు.

పులుపు మీద మాకింత మమకారం ఎందుకో చెప్పాలంటే నీళ్ల గురించి చెప్పాలి. మా నేల కింద నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు వంగిపోతున్నాయని 1937లో వైద్యులు తొలిసారి రాసింది నెల్లూరు జిల్లా నుంచే. అప్పట్లో మా దర్శి ఆ జిల్లాలోదే. పళ్ల మీద గోధుమరంగు చారలు, నలభై ఏళ్లకే వంగిన నడుములు చూస్తూ పెరిగాం మేము. చాలా ఏళ్ల తరవాత ఒక సంగతి చదివి ఆశ్చర్యపోయాను. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. బడి పిల్లలకు మధ్యాహ్న భోజనంతో రోజూ 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు పెడితే, మూత్రంలో ఫ్లోరైడ్ బయటికి పోవడం పెరిగింది. పచ్చిపులుసు మందు అని ఎవరూ అనలేదు, నేనూ అనను. మంచినీళ్లు ఇవ్వడమే అసలు మందు. అయినా ఆ కాగితం చదివిన రోజు, మా నాయనమ్మ రెండు పూటలా పులుసు పెట్టి 'తాగండిరా' అని గదమాయించడం గుర్తొచ్చి కాసేపు చదవలేకపోయాను.

ఒకే నది

ఇరానీ చాయ్ నాకు మొదట నచ్చలేదు. మా వైపు టీ అంటే పాలలో పొడి వేసి, అల్లం దంచి, పొంగించేది. ఇక్కడ డికాక్షన్‌ను మూతపెట్టి గంటల తరబడి మరిగిస్తారు. పాలను విడిగా చిక్కబరుస్తారు. కప్పులో ముందు డికాక్షన్, పైన పాలు. పక్కన ఉస్మానియా బిస్కెట్, సగం తీపి, సగం ఉప్పు. చార్మినార్ ఎదురుగా నిమ్రా కేఫ్‌లో నిలబడి తాగితే వేడి కప్పు, పావురాలు, మక్కా మసీదు, అన్నీ కలిసి ఒక రుచి. అలవాటు పడటానికి ఏడాది పట్టింది. ఇప్పుడు తాగని రోజు తలనొప్పి.

ఒక ఇరానీ హోటల్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే పెద్దాయన అనేవాడు, గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచిపోడని. నగరంలో ఇది అందరి నోటా ఉన్న మాట. 1908 మూసీ వరదల తరవాత కట్టి 1920లో పూర్తిచేసిన ఉస్మాన్‌సాగరే గండిపేట చెరువు. ఆయన మాట విన్నప్పుడు నాకు వేరే లెక్క తట్టింది. 2004లో కృష్ణా నీళ్లు నగరానికి వచ్చాయి. నాగార్జునసాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా గొట్టాల్లో తెచ్చారు. అదే జలాశయం కుడి గట్టు నుంచి బయల్దేరిన కాలవ నీళ్లే మా దర్శికి వస్తాయి. బోరు నీళ్లలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు గనక, మా అమ్మ పప్పుకు మాత్రం సాగర్ నీళ్లు విడిగా పట్టి దాచేది. అంటే 2004 నుంచి నా గదిలో పప్పూ, మా ఇంట్లో పప్పూ ఒకే నీళ్లలో ఉడుకుతున్నాయి. పెద్దాయనకు ఈ సంగతి చెప్పాను. గల్లాపెట్టె మూసి, 'తో ఫిర్ ఘర్ హీ హై,' అన్నాడు. అయితే ఇల్లే కదా అని. ఆ రోజు చాయ్ డబ్బులు తీసుకోలేదు.

ఆ హోటల్ ఇప్పుడు లేదు. పెద్దాయన పోయాక పిల్లలు అమ్మేశారు, అక్కడ మొబైల్ ఫోన్ల దుకాణం వచ్చింది. మా అమీర్‌పేట మెస్సు కూడా లేదు. 2017 నవంబరులో మెట్రో రైలు మొదలయ్యేనాటికి ఆ వరసంతా మారిపోయింది. రొట్టెల అక్క మాత్రం ఉంది. ఇప్పుడు ఆవిడ కోడలు తడుతుంది, ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చుని పిండి కలుపుతుంది. తడిగుడ్డ తుడుపు కోడలికి ఇంకా సరిగా రాలేదు, రెండుసార్లు తుడుస్తుంది. మదీనా సందులోని హోటల్ కూడా ఉంది. బల్లలు మారాయి, ఖట్టా మారలేదు. నెలకు ఒక ఆదివారం ఆరు గంటలకల్లా అక్కడుంటాను. ఏడున్నర దాటితే ఖీమా అయిపోతుంది. ఎనిమిదికి ఖట్టా అడుగు గిన్నెలోది వస్తుంది, చిక్కగా, నువ్వులు ఎక్కువగా. కొందరు దాని కోసమే ఆలస్యంగా వస్తారని ఈమధ్యే తెలిసింది.

కొత్తగా వచ్చే మా వైపు పిల్లలు ఫోన్ చేసి ఎక్కడ తినాలని అడుగుతుంటారు. ఆంధ్రా మెస్సు పేర్లు నేను చెప్పను, వాటిని వాళ్లే కనుక్కుంటారు. తెల్లవారుజామున నయాపూల్ దాటమని చెబుతాను. ఖిచిడీ అడగమంటాను. రెండోసారి ఖట్టా పోయమని అడగడానికి మొహమాటపడొద్దంటాను.

గత సంక్రాంతికి దర్శి వెళ్లాం. బస్సు దిగి నడుస్తుంటే హైదరాబాద్ దమ్ బిర్యానీ బోర్డులు, మండీ బోర్డులు, ఇరానీ చాయ్ బండి. మా పాప ఆ చాయ్ బండి దగ్గర ఆగి, పాలు విడిగా కాయట్లేదని తేల్చి చెప్పింది. ఆమె పుట్టింది హైదరాబాద్‌లో. నాలుగేళ్లప్పటి నుంచి నాతో మదీనా సందుకు వస్తోంది.

ఇంటికెళ్లేసరికి అమ్మ పులగం వండి ఉంచింది. పళ్లెంలో పెట్టి, మధ్యలో గుంట చేసి, పచ్చిపులుసు పోసింది. పాప ఒక ముద్ద తిని తలెత్తింది.

'నాయనమ్మా, నీకు ఖట్టా చేయడం ఎవరు నేర్పారు?'

అమ్మ నా వైపు చూసింది. చెంగుతో చెయ్యి తుడుచుకుని, గిన్నె దగ్గరకు జరిపింది.

'మా అమ్మ నేర్పిందమ్మా. ఇంకొంచెం పోసుకో.'